ఎంఎఫ్‌ఏనా, ఎం.డెస్సా? సమకాలీన కళ, డిజైన్‌లో పీజీకి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

బీఎఫ్‌ఏలో (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో) ఉన్నంతకాలం సార్ అసైన్‌మెంట్ ఇస్తారు, మనం చేస్తాం, మార్కులు పడతాయి. పీజీలో చేరాక లెక్క మారుతుంది. స్టూడియోలో మీ వాటాకి వచ్చిన ఖాళీ గోడ చూపించి, ‘ఈ రెండేళ్లు ఏం చేద్దామనుకుంటున్నావ్?’ అని అడుగుతారు. జవాబు లేకుండా వెళ్లినవాళ్లకు మొదటి సంవత్సరమంతా ఆ జవాబు వెతుక్కోవడంలోనే గడిచిపోతుంది. అందుకే ఈ గైడ్‌ని అప్లికేషన్ ఫారం దగ్గర మొదలుపెట్టడం లేదు. దానికి ఏడాది ముందు మీ బల్ల మీద జరగాల్సిన పని నుంచి మొదలుపెడుతున్నాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఇంజినీరింగో మరో డిగ్రీయో చేసి ఇటు రావాలనుకునేవాళ్లకీ ఇందులో దారి ఉంది.

1. ముందు దారి తేల్చుకోండి

మన దేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఎంఎఫ్‌ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్). బరోడాలో దీన్ని ఎంవీఏ (మాస్టర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్) అంటారు. పెయింటింగ్, శిల్పం, ప్రింట్‌మేకింగ్ (అచ్చు చిత్రకళ) లాంటి విభాగాల్లో రెండేళ్లు ఉంటుంది. రెండోది ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్). ప్రొడక్ట్ డిజైన్, విజువల్ కమ్యూనికేషన్, ఇంటరాక్షన్ డిజైన్ (యాప్‌లు, యంత్రాలు మనుషులు సులువుగా వాడేలా చేయడం), టెక్స్‌టైల్, యానిమేషన్ వగైరా ఇందులోకి వస్తాయి.

తేడా ఎక్కడుందో పోచంపల్లి చీర దగ్గర చూద్దాం. ఇక్కత్ నేతలో మగ్గం ఎక్కించే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. ఇళ్లలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పడిపోతాయి. తల్లి పడుతున్న ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ డిజైన్ కాలేజీలోనూ చదవలేదు. అయినా ‘ఈ పని ఈ మనిషికి నొప్పి లేకుండా ఎలా జరగాలి?’ అన్న ఆయన ప్రశ్న అచ్చంగా డిజైన్ ప్రశ్న. ఇక అదే ఆసు ముందు కూర్చుని, ఆ చెయ్యి గాల్లో గీసే గీతను బొగ్గుతో కాగితం మీదికి తేవాలని మీకు అనిపించిందనుకోండి. లేదా ఆ భుజం నొప్పిని లెక్కలోకి తీసుకోని చీర ధర గురించి ఒక ఇన్‌స్టలేషన్ (వస్తువులతో గదినే కళాకృతిగా పేర్చడం) చేయాలనిపించిందనుకోండి. అది ఎంఎఫ్‌ఏ ప్రశ్న. అక్కడ మీరు సమస్యను తీర్చరు, జనం దాన్ని ఆగి చూసేలా చేస్తారు.

ఈ రెండింటిలో మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వనిది ఏదో చూసుకోండి. ‘ఉద్యోగం వస్తుంది కదా’ అని ఎం.డెస్‌కి వెళ్లి, అక్కడ యూజర్ ఇంటర్వ్యూలంటే విసుక్కునే పెయింటర్లు ఉంటారు. కచ్చితమైన సమస్య ఇస్తే తప్ప పని కదలనివాళ్లు ఎంఎఫ్‌ఏ స్టూడియోలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. రెండూ బాధాకరమే.

అర్హత సంగతి: ఎంఎఫ్‌ఏకి చాలాచోట్ల అదే విభాగంలో బీఎఫ్‌ఏ అడుగుతారు. ఎం.డెస్‌కి వేరే డిగ్రీలవాళ్లనీ తీసుకుంటారు, ఏ డిగ్రీలు చెల్లుతాయన్నది మాత్రం సంస్థని బట్టి మారుతుంది. బీటెక్, బీఆర్క్, బీఎఫ్‌ఏ చేసినవాళ్లందరూ ఒకే పరీక్ష రాస్తారు. వేరే డిగ్రీ నుంచి కళవైపు రావాలంటే ఢిల్లీలోని అంబేద్కర్ యూనివర్సిటీ ఎంఏ విజువల్ ఆర్ట్ లాంటి కోర్సుల నోటిఫికేషన్లు కూడా చూడండి.

2. ఎక్కడ చదవాలి

ర్యాంకుల జాబితాలు పక్కన పెట్టండి. కళలో సంస్థను ఎంచుకోవడమంటే ఒక స్టూడియోని, ఇద్దరు ముగ్గురు టీచర్లని, ఒక తోటివారి గుంపుని ఎంచుకోవడం.

హైదరాబాద్‌లో ముఖ్యంగా రెండు చెప్పుకోవాలి. ఒకటి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్. పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్, శిల్పంతో పాటు కళాచరిత్ర కూడా ఉంది. ప్రముఖ చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ పాఠాలు చెప్పిన చోటు కావడంతో ప్రింట్‌మేకింగ్‌కి మంచి పరంపర ఉంది. రెండోది మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ). విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది.

రాష్ట్రం దాటితే ముందు చెప్పుకోవాల్సింది బరోడా. అక్కడి ఎంఎస్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. తెలుగువాళ్లకి దానితో పాత బంధమే. లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదువు ముగించి 1963లో అక్కడికి వెళ్లి కుడ్యచిత్రణ, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. తర్వాత మరో చిత్రకారుడు తోట వైకుంఠం వెళ్లి, అక్కడ పాఠాలు చెప్పిన చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఇద్దరూ దూరం వెళ్లి వచ్చి గీసింది మాత్రం తమ ఊళ్లనే. ఒకరిది మెదక్ జిల్లా నిజాంపూర్, ఇంకొకరిది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. దూరం వెళ్లడం ఎందుకని ఇంట్లో అడిగితే నేను చెప్పే జవాబు ఈ ఇద్దరి బొమ్మలే.

శాంతినికేతన్ కళాభవన్ 1919 నుంచి ఉంది. డిసెంబర్ 1, 2 తేదీల్లో అక్కడ నందన్ మేళా జరుగుతుంది. కళాభవన్‌ని తీర్చిదిద్దిన చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబర్ 3 కాబట్టి, దానికి ముందు విద్యార్థులూ టీచర్లూ తాము చేసినవి అక్కడే అమ్ముతారు. అప్లై చేసే ముందు ఏడాది వీలైతే ఒకసారి వెళ్లి రండి. బరోడాలో అయితే విద్యాసంవత్సరం చివర్లో జరిగే వార్షిక ప్రదర్శన చూడండి. వెబ్‌సైట్‌లో ఉన్న ఫొటోలు చెప్పనివి ఆ గోడలు చెబుతాయి. విద్యార్థులందరి పనీ ఒకేలా, టీచరు పనికి నకలులా ఉంటే అక్కడికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎం.డెస్‌కి ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూల్ ఐడీసీ 1969 నుంచి ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది. 1961లో మొదలైన అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) సొంత పరీక్ష ఉంటుంది. ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌కీ అంతే, దాని హైదరాబాద్ క్యాంపస్ మాదాపూర్‌లో ఉంది. ప్రైవేటులో బెంగళూరు సృష్టి మణిపాల్, ఢిల్లీ దగ్గర శివ్ నాడార్ యూనివర్సిటీ లాంటివి ఉన్నాయి. ఫీజులు బాగా ఎక్కువ కాబట్టి స్కాలర్‌షిప్ ఖాయమయ్యాకే ఆలోచించండి.

వెళ్లి చూసినప్పుడు అడగాల్సినవి: ఎచింగ్ ప్రెస్ (యాసిడ్‌తో చెక్కిన లోహపు పలక నుంచి అచ్చు తీసే యంత్రం) పనిచేస్తోందా? పోత పోసే కొలిమి ఏడాదిలో ఎన్నిసార్లు వెలిగిస్తారు? రాత్రి ఎన్ని గంటలదాకా స్టూడియో తెరిచి ఉంచుతారు? ఇవి ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో సీనియర్లని అడగాలి.

3. ఏడాది ముందు: ఒకే ప్రశ్న మీద పని

అసలు కష్టం, అసలు ఆనందం ఇక్కడే.

చాలామంది పోర్ట్‌ఫోలియోలో (దరఖాస్తుకి ఎంచి పెట్టే పనుల కూర్పులో) ఒక పోర్ట్రెయిట్, ఒక ల్యాండ్‌స్కేప్, ఒక స్టిల్ లైఫ్, ఒక అబ్‌స్ట్రాక్ట్, ఒక డిజిటల్ పోస్టర్ ఉంటాయి. ‘అన్నీ వచ్చు’ అని చూపించాలన్న తాపత్రయం. బీఎఫ్‌ఏ ప్రవేశానికి అది సరిపోతుంది. పీజీ సెలక్షన్ కమిటీ చూసేది వేరు: ఈ మనిషి ఒక విషయం పట్టుకుంటే ఎంతదూరం వెళ్లగలడు?

కాబట్టి ఒక విషయం ఎంచుకోండి. అది మీకు దగ్గర్లో ఉండాలి, రోజూ వెళ్లి చూడగలిగేదై ఉండాలి. ‘స్త్రీ’, ‘ప్రకృతి’, ‘కాలం’ విషయాలు కావు, అవి శీర్షికలు. ఊళ్లో పూడ్చేసిన చెరువు ఒక విషయం. అమ్మ పదేళ్లుగా దాచుకున్న రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు ఒక విషయం. గల్ఫ్ వెళ్లిన నాన్న పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఒక విషయం.

తర్వాత దాన్ని నాలుగైదు రకాలుగా కదిలించండి. చెరువు సంగతే తీసుకుందాం. చెరువు పోయి లేఅవుట్ వచ్చింది. మొదటి నెల ఊరికే వెళ్లి గీయండి. ప్లాట్ల మధ్య పాతిన హద్దురాళ్లు కనిపిస్తాయి. వాటి మీద పల్చటి కాగితం పరిచి మైనపు క్రేయాన్‌తోనో బొగ్గుతోనో రుద్దితే రాతి గరుకుతనం, చెక్కిన నంబరు, చెదిరిన పెయింటు అన్నీ కాగితం మీదికి వస్తాయి. ఆ అచ్చులు పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దవాళ్లని కూర్చోబెట్టి చెరువు గట్టు ఎక్కడిదాకా ఉండేదో వేలితో చూపించమనండి, వాళ్లు చెప్పింది రికార్డు చేయండి. అక్కడి మట్టినే జల్లించి, జిగురు కలిపి రంగుగా వాడి చూడండి. ఇందులో సగం పనికిరాకుండా పోతుంది, పోనివ్వండి. పోయినవాటిని కూడా తేదీ వేసి దాచండి, ఇంటర్వ్యూలో వాటి మీదే మంచి ప్రశ్నలు వస్తాయి.

ఎం.డెస్‌కి వెళ్లేవాళ్లూ ఇదే పద్ధతిలో వెళ్లొచ్చు, కాకపోతే గమనించేది మనుషుల్ని. ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాయించుకోవడం దగ్గర నుంచి మందులు తీసుకోవడం వరకు ఒక ముసలావిడ ఎక్కడెక్కడ ఆగింది, ఎవర్ని అడిగింది, ఏ బోర్డు చదవలేకపోయింది? ఇది స్కెచ్‌లుగా గీసి, కాగితం, అట్టలతో ఒక పరిష్కారం చేసి, దాన్ని నిజంగా నలుగురి చేత వాడించి చూసి, మళ్లీ మార్చండి. మెరిసిపోయే త్రీడీ రెండర్ల కన్నా ఈ కాగితం మోడల్‌కి, దాని మీద మీరు రాసుకున్న దిద్దుబాట్లకి ఎక్కువ విలువ ఉంటుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మన విద్యార్థులు కొండపల్లి, చేర్యాల, శ్రీకాళహస్తి వెళ్లి రెండు రోజులు ఫొటోలు తీసుకుని ‘జానపద కళల స్ఫూర్తి’ అని పోర్ట్‌ఫోలియోలో పెడుతున్నారు. కలంకారీ వేసే ఇంట్లో వారం కూర్చోండి. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టడం, ఇనపముక్కలు బెల్లంనీళ్లలో నానబెట్టి నల్లరంగు తీయడం, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీత నడపడం దగ్గరుండి చూడండి. అప్పుడు మీకే తెలుస్తుంది, అక్కడున్నది ‘మోటిఫ్’ (అలంకార నమూనా) కాదు, ఒక పూర్తి ప్రాక్టీస్ (సాధన) అని. వారి సమయానికి డబ్బు ఇవ్వండి. పనిలో వారి చెయ్యి ఉంటే పేరు వేయండి. పేరు వేయకుండా వాడుకుంటే అది దొంగతనమే.

4. ఫొటోలు, పోర్ట్‌ఫోలియో కూర్పు

మంచి పని చెడ్డ ఫొటో వల్ల పోతుంది. బొమ్మని నిటారుగా గోడకి ఆనించి, కెమెరా లెన్స్‌ని సరిగ్గా మధ్యకి, సమాంతరంగా పెట్టండి. ఎండ నేరుగా పడని నీడలో, పగటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వద్దు. ఫ్రేముకి అద్దం ఉంటే తీసేయండి. ఫోనుతో తీసినా పర్వాలేదు, ఫిల్టర్లు మాత్రం వాడకండి. శిల్పానికి మూడు వైపుల నుంచీ, సైజు తెలిసేలా మనిషి పక్కన నిలబడిన ఫొటో ఒకటీ కావాలి. వీడియో పని ఉంటే రెండు నిమిషాలకు మించని ముక్క తీసి లింకు ఇవ్వండి, ఆ లింకు వేరే ఫోనులో తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.

ప్రతి బొమ్మ కింద పేరు, మాధ్యమం, ఎత్తు × వెడల్పు సెంటీమీటర్లలో, సంవత్సరం. అంతే. అలంకరణ బోర్డర్లు, రంగురంగుల బ్యాక్‌గ్రౌండ్లు ఎందుకు? తెల్ల పేజీ చాలు. ఎన్ని బొమ్మలు అడిగితే అన్నే పెట్టండి. బలమైనది మొదట, దానికి సమానమైనది చివర, మధ్యలో ప్రాసెస్ పేజీలు రెండు మూడు.

5. స్టేట్‌మెంట్

మీ పని గురించి మీరే రాసి దరఖాస్తుతో పాటు పంపేది ఇది. దీని దగ్గరే అందరికీ టెన్షన్. కారణం ఇంగ్లీషు అనుకుంటారు. నిజానికి చెప్పాల్సింది తేలకపోవడమే కారణం. ముందు తెలుగులో, అమ్మకి చెబుతున్నట్టు రాయండి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోండి.

ఎక్కువగా కనిపించే రకం ఇది: ‘నా చిత్రాలు ప్రకృతికీ మనిషికీ మధ్య ఉన్న విడదీయరాని అనుబంధాన్ని, ఆధునిక జీవితంలోని సంఘర్షణను ఆవిష్కరిస్తాయి.’ ఈ వాక్యం ఎవరి బొమ్మలకైనా అతుకుతుంది, అంటే ఎవరివీ కాదన్నమాట.

ఇప్పుడిది చదవండి: ‘మా ఊరి చెరువును పూడ్చి ప్లాట్లు వేశారు. హద్దురాళ్ల మీద కాగితం పెట్టి రుద్ది అచ్చులు తీశాను. నంబర్లు వరసగా లేవని అప్పుడే గమనించాను, మధ్యలో కొన్ని రాళ్లు రాత్రికి రాత్రి మారుతున్నాయి. ఆ మారిన రాళ్లని వెతుకుతూ చేసిన ప్రింట్లు ఇవి. ఇంత పెద్ద సైజులో రాతి అచ్చుని ఎచింగ్‌గా ఎలా మార్చాలో నాకింకా తెలియదు. అందుకే ప్రింట్‌మేకింగ్ స్టూడియోకి రావాలనుకుంటున్నాను.’ ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. కానీ ఏం చేశాడు, ఏం కనుక్కున్నాడు, ఏం తెలియదు, మీ దగ్గరికే ఎందుకొస్తున్నాడు అన్నీ ఉన్నాయి. స్టేట్‌మెంట్‌కి ఈ నాలుగూ చాలు. ఏఐ టూల్‌తో రాయించి పంపితే మళ్లీ ఆ మొదటి రకం వాక్యాలే వస్తాయి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

6. పరీక్ష, ఇంటర్వ్యూ

ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి చోట్ల ఎం.డెస్‌కి సీడ్ (డిజైన్ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఉంటుంది. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. మామూలుగా అక్టోబర్ ప్రాంతంలో దరఖాస్తులు, జనవరిలో పరీక్ష. మొత్తం 3 గంటలు. పార్ట్ ఏ కంప్యూటర్ మీద, పార్ట్ బీ చేత్తో గీయాలి, రాయాలి. వయసు పరిమితి లేదు. స్కోరు ఒక్క ఏడాదికే చెల్లుతుంది. ఇది ర్యాంకు వస్తే సీటు ఇచ్చే పరీక్ష కాదు. స్కోరుతో ఒక్కో సంస్థకి విడిగా అప్లై చేయాలి, వాళ్లు పోర్ట్‌ఫోలియో, టెస్ట్, ఇంటర్వ్యూ పెడతారు. ఈ సంగతి తెలియక పరీక్ష బాగా రాసి కూడా సంస్థల గడువులు దాటబెట్టుకునేవాళ్లు ఉన్నారు. పార్ట్ బీకి కోచింగ్ మెటీరియల్ బట్టీ పట్టడం కన్నా, రోజూ గంటసేపు బస్టాండ్‌లోనో రైతుబజార్‌లోనో మనుషుల్ని, బండ్లని, తూకాల్ని పర్‌స్పెక్టివ్‌లో (దూరం, లోతు తెలిసేలా) గీయడం మేలు.

ఎంఎఫ్‌ఏ ప్రవేశాల్లో సంస్థని బట్టి రాతపరీక్ష, ప్రాక్టికల్, ఇంటర్వ్యూ ఉంటాయి. పద్ధతి ఏటా కొంత మారుతుంది కాబట్టి జనవరి నుంచి వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి. కళాచరిత్ర మీద ప్రశ్నలకి ఒక మంచి ఆధారం చెబుతాను. హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ బరోడా కళాకారుల ఉత్తరాలు, ఫొటోలు, కేటలాగులు డిజిటల్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. బరోడా కళాకారుడు జ్యోతి భట్ తీసిన వేల ఫొటోల్లో మన గ్రామీణ కళలు ఎలా కనిపిస్తాయో చూడండి. గైడ్ బుక్కుల్లో దొరకదు ఇది.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడితే కంగారు పడొద్దు. చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి, హిందీ కలిసినా ఎవరూ ఏమీ అనుకోరు. అసలు పనినే పట్టుకెళ్లండి, స్కెచ్‌బుక్కులతో సహా. ‘ప్రస్తుతం ఎవరి పని చూస్తున్నావ్?’ అని తప్పకుండా అడుగుతారు. అక్కడ పికాసో, వాన్‌గో దగ్గర ఆగిపోకుండా, ఈమధ్య మీరు కళ్లారా చూసిన ప్రదర్శన గురించి చెప్పండి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో చూసిందైనా సరే, కొచ్చి బినాలేలో (అక్కడ రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో) చూసిందైనా సరే.

7. డబ్బు

కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఫీజు భరించగలిగేదే. ఖర్చంతా మెటీరియల్‌కే. రాగి ప్లేట్లు, కంచు పోత, పెద్ద కాన్వాసులు నెల బడ్జెట్‌ని మింగేస్తాయి. మొదటి సెమిస్టర్‌లో లినో (చెక్కి అచ్చు తీసే మెత్తటి షీటు), ఉడ్‌కట్ (చెక్క అచ్చు), జింక్ పలకలతో లాగండి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది: 18 నుంచి 25 ఏళ్లలోపు వారికి, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లపాటు. విజువల్ ఆర్ట్స్ కూడా అందులో ఉంది. మన వాళ్లలో చాలామంది దానికి అప్లై కూడా చేయరు. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ కోర్సుకి వర్తిస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి. లోన్ కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా వెళ్లండి.

విదేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో ఎంఏ ఎక్కువగా ఒక ఏడాదే, అమెరికాలో ఎంఎఫ్‌ఏ మామూలుగా రెండేళ్లు. జర్మనీ ప్రభుత్వ అకాడమీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా యూనియన్ బయటివారికి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. అక్కడ భాష నేర్చుకోక తప్పదు. జర్మనీ స్కాలర్‌షిప్ సంస్థ డీఏఏడీకి కళ, డిజైన్ విద్యార్థుల కోసం ప్రత్యేక స్కాలర్‌షిప్ ఉంది. బ్రిటన్‌కైతే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ నిబంధనలు చూడండి. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లొద్దని నా మనవి. ఇక్కడ ఎంఎఫ్‌ఏ చేసి, పని గట్టిపడ్డాక స్కాలర్‌షిప్‌తో వెళ్లినా ఆలస్యమేమీ కాదు.

8. చేరాక

మొదటి సెమిస్టర్‌లో మీ విభాగం దాటి తిరగండి. పెయింటర్ అయితే సిరామిక్స్‌కి వెళ్లి మట్టి పిసకండి. టెక్నీషియన్లతో, ల్యాబ్ అసిస్టెంట్లతో స్నేహం చేయండి. యాసిడ్ ఎంతసేపు ఉంచాలో, ప్రెస్ ఎంత బిగించాలో ప్రొఫెసర్ల కన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది.

క్రిటిక్ రోజున టీచర్లు, తోటివాళ్లు మీ పని చుట్టూ నిలబడి మాట్లాడతారు. అప్పుడు సమర్థించుకోవడం మొదలుపెడితే వాళ్లు ఆగిపోతారు, మీకు వినే అవకాశం పోతుంది. ఒక స్నేహితుడికి నోట్‌బుక్ ఇచ్చి అన్నీ రాయమనండి. వారం తర్వాత చదివితే ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో స్పష్టమవుతుంది. డిసర్టేషన్‌ని (పీజీలో రాయాల్సిన పరిశోధన వ్యాసాన్ని) ఆఖరి నెలకి వాయిదా వేయకండి. స్టూడియోలో చేస్తున్న పనికి దగ్గరి విషయమే తీసుకుంటే రాత, చేత ఒకదాన్నొకటి లాగుతాయి.

రెండో సంవత్సరం మొదట్లోనే ఆ తర్వాతి సంగతి చూసుకోండి. కొచ్చిలో బినాలేతో పాటు జరిగే స్టూడెంట్స్ బినాలేకి దేశంలోని కళాశాలల నుంచి విద్యార్థుల పనులు ఎంపిక చేస్తారు, మీ విభాగం ద్వారా కనుక్కోండి. ఢిల్లీలో 1997 నుంచి నడుస్తున్న కళాకారుల సంస్థ ఖోజ్ లాంటి చోట్ల రెసిడెన్సీలు (కొంతకాలం అక్కడే ఉండి పని చేసుకునే అవకాశాలు) ఉంటాయి. పాఠాలు చెప్పాలనుకుంటే విజువల్ ఆర్ట్‌లో యూజీసీ నెట్ రాయాలి: రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 3 గంటలు. చదువుతుండగానే రాసేస్తే మంచిది, కళాచరిత్ర అప్పుడు తలలో తాజాగా ఉంటుంది.

ఆఖరి ప్రదర్శన పెట్టిన రోజునే మొత్తం గది ఫొటోలు తీయించుకోండి. జనం రాకముందు కొన్ని, వచ్చాక కొన్ని. రెసిడెన్సీ అప్లికేషన్లలో మొదట అడిగేవి అవే. ప్రింట్లకి ఎడిషన్ నంబర్లు (మొత్తం అచ్చుల్లో ఇది ఎన్నోదో) వేసి సంతకం పెట్టండి. క్యాంపస్ ఖాళీ చేసే ముందు నలుగురు స్నేహితులు కలిసి అద్దె పంచుకునే స్టూడియో ఒకటి మాట్లాడుకోండి. మొదటి నెల అడ్వాన్స్‌కి డబ్బు రెండో సంవత్సరం నుంచే పక్కన పెట్టడం మొదలుపెడితే సరిపోతుంది.